పేరు లేకుండా పంపిన పేపర్

మా కాలేజీలో తెలుగు సెక్షన్ ఎత్తేస్తారన్న మాట ఆ ఏడాది వేసవి సెలవులకు ముందే బయటికొచ్చింది. నందిగామలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. నేనక్కడ తెలుగు చెబుతాను. బీఏలో తెలుగు ప్రధాన సబ్జెక్టుగా తీసుకునే పిల్లలు ఏడాదికేడాది తగ్గిపోయి, చివరికి ఆ గదిలో పిల్లల కంటే ఫ్యాన్లు ఎక్కువున్నాయని స్టాఫ్ రూములో జోకులు వేసుకునేదాకా వచ్చింది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. సెక్షన్ పోతే దాంతోపాటే నేనూ పోతాను. కాబట్టి ఆ జోకులకు నాకు నవ్వొచ్చేది కాదు.

ప్రిన్సిపాల్ గారు ఒకరోజు పిలిచి, కూర్చోమని, టీ తెప్పించారు. టీ తెప్పించారంటేనే నాకు భయం వేసింది. ఇప్పుడు ఏ మీటింగుకి వెళ్ళినా ఏఐ గురించే అడుగుతున్నారట. ఏ డిపార్ట్‌మెంటు ఏఐలో ఏం చేసిందో రాసివ్వమంటున్నారట. తెలుగు డిపార్ట్‌మెంటు నుంచి ఒక్క అంతర్జాతీయ పేపర్, అదీ ఏఐ మీద, అంగీకారం తెచ్చుకుంటే సెక్షన్ ఉంచడానికి కరస్పాండెంట్ గారు ఒప్పుకున్నారని చెప్పారు. రాకపోతే ఏమవుతుందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తెలుగుకీ ఏఐకీ ఏం సంబంధమని మాత్రం అడిగాను. అది కంప్యూటర్ సార్‌ని అడగండి అన్నారు.

కంప్యూటర్ సార్ అంటే చందర్లపాడు నుంచి బండి మీద వచ్చే కుర్ర లెక్చరర్. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, అయినా కాలేజీలో అందరం సార్ అనే అంటాం. మంచివాడు, కాకపోతే ఏది చెప్పినా మనకు ముందే తెలుసన్నట్టు చెబుతాడు. ఏఐ, భాషాశాస్త్రం కలిసిన ఒక సదస్సు ఉందని, ముందు ప్రపోజల్ పంపాలని, అది నచ్చితే షార్ట్ పేపర్ అడుగుతారని చెప్పాడు. మన సెమినార్లకు పేపర్ పంపడమంటే నాకు తెలుసు. పంపితే చాలు, తీసుకుంటారు. వెళితే ఒక సంచి, ఒక సర్టిఫికెట్, మధ్యాహ్నం భోజనం. ఇక్కడ ముందు ప్రపోజల్ ఎందుకో నాకు అంతుపట్టలేదు. అందులో మనం కనుక్కున్నది రాయాలా అంటే, కాదు మేడమ్, కనుక్కోబోయేది రాయాలి అన్నాడు. కనుక్కోకుండానే ఏం కనుక్కుంటామో ఎలా తెలుస్తుందని అడిగాను. అందుకే మేడమ్ దాన్ని ప్రపోజల్ అంటారు అన్నాడు. తెలిసినట్టే తల ఊపి వచ్చేశాను. ఆ రోజు ఇంటికెళ్ళే బస్సులో చిల్లకల్లు దాటేదాకా ఆలోచించినా అది బుర్రకెక్కలేదు.

విషయం మాత్రం నేను వెతక్కుండానే దొరికింది. ల్యాబులో కంప్యూటర్ సార్ నాకు ఆ ఏఐ యంత్రాన్ని చూపించాడు. ఏదైనా అడగండి, రాస్తుంది అన్నాడు. నందిగామ రైతుబజార్లో ఒకావిడ కూరగాయలు బేరమాడుతున్నట్టు మాటలు రాయమన్నాను. ఒక హిందూ పేరు ఇచ్చాను. చక్కగా రాసింది. కాస్త పుస్తకాల భాషలా ఉన్నా పర్వాలేదు. ఊరికే, ఇంకేం తోచక, ఈసారి మా అమ్మ పేరులాంటి పేరు పెట్టి అదే అడిగాను. ఆవిడ నోట్లోంచి వచ్చింది తెలుగు కాదు. సగం ఉర్దూ, సగం వచ్చీరాని తెలుగు, మాటకు ముందొక అరే, వెనకొక భాయ్. సినిమాల్లో నవ్వించడానికి పెడతారే, అచ్చం ఆ మాటలు. కంప్యూటర్ సార్ నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మాది జగ్గయ్యపేట. మా ముత్తాతల నాటి నుంచి ఆ చుట్టుపక్కలే. మా ఆయన హైవే పక్కన లారీ స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, తిట్టుకునేది తెలుగు, కలలొస్తే అవీ తెలుగే. ఉర్దూ మాకు చుట్టాల పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు వినపడేది, అదీ హైదరాబాద్ వైపు నుంచి ఎవరైనా వస్తే. అప్పుడు మా అమ్మ నవ్వుతూ తల ఊపి, తర్వాత పక్కకొచ్చి వాళ్ళేమన్నారని నన్ను అడుగుతుంది. నాకూ తెలీదని చెబితే నమ్మదు.

బళ్ళో పద్యాల పోటీలో బహుమతి ఇస్తూ ఒక పెద్దాయన నన్ను ముందుకు నిలబెట్టి, ముస్లింల అమ్మాయైనా తెలుగు ఎంత బాగా పలికిందో చూడండర్రా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత ఆ మాట పీజీలో విన్నాను, ఉద్యోగానికి ఇంటర్వ్యూలో విన్నాను, పక్క సీటులో కూర్చున్నావిడ దగ్గర బస్సులో విన్నాను. మంచి మాటే కదా, కోపమెందుకు రావాలి? వచ్చేది. వచ్చాక, ఎందుకొచ్చిందా అని నా మీద నాకే విసుగు పుట్టేది. అదేమిటో ఎవరికీ చెప్పలేకపోయాను, మా ఆయనకు కూడా. ఇప్పుడు యంత్రం దాన్ని తెర మీద రాసి చూపించింది.

ఇదే మేడమ్ పేపర్, అన్నాడు కంప్యూటర్ సార్. ఒకే సందర్భం ఇచ్చి, పేరు మాత్రం మార్చి, యంత్రం ఎవరి నోట్లో ఏ తెలుగు పెడుతోందో చూడాలి. దాని పక్కన మన ఊళ్ళో ముస్లిం ఆడవాళ్ళు నిజంగా మాట్లాడే తెలుగు పెట్టాలి. రెంటికీ ఉన్న తేడా చెప్పాలి. ఎందుకో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రపోజల్ అంటే ఏమిటో అప్పటికీ పూర్తిగా అర్థం కాకపోయినా, రాయడం మాత్రం ఒక్క ఊపులో రాసేశాను. దాన్ని వాళ్ళు ఒప్పుకుని షార్ట్ పేపర్ పంపమన్నారు. అదైనా దేన్ని చూసి ఒప్పుకున్నారో మాకు తెలీదు.

నిజమైన మాటలు కావాలి కదా, మా అమ్మనూ మా పిన్నమ్మనూ అడిగి ఫోన్‌లో రికార్డు చేశాను. ఇది కూడా అనుకున్నంత తేలిగ్గా అవలేదు. ఫోన్ ఎదురుగా పెట్టగానే మా అమ్మ కొంగు సర్దుకుని టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా మొదలుపెట్టింది. జీవితంలో ఎప్పుడూ అనని మాటలు అంది. వంకాయలను వంకాయలు అనడానికి కూడా సిగ్గుపడింది. మా పిన్నమ్మ అసలు నోరే విప్పలేదు. వీళ్ళిద్దరితో తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వాళ్ళకు ముందే చెప్పి, ఒప్పించి, ఫోన్‌ను కిటికీలో పెట్టేసి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆకుకూరల ఆవిడ వచ్చింది. పక్కింటి ఆవిడ వచ్చింది, మా అమ్మ ఆవిడను వదినా అంటుంది, ఆవిడ మా అమ్మను వదినా అంటుంది, చుట్టరికం ఎక్కడిదని ఎవరూ అడగరు. గోంగూర కట్ట దగ్గర మొదలై సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు బట్టలు ఆరేసుకునే దారి లేదన్న దగ్గరికి, అక్కణ్ణించి ఎవరి కోడలో ఎవరినో ఏదో అందన్న దగ్గరికి మాట పోయింది. అంతా విని నేను రాసుకున్నాను. మా అమ్మ మాటకూ పక్కింటావిడ మాటకూ తేడా ఏముందో నాకే దొరకలేదు. తేడా లేకపోవడమే మనం చూపించాల్సింది మేడమ్, అన్నాడు కంప్యూటర్ సార్.

రాయడం మొదలుపెట్టాక మళ్ళీ అయోమయం. నాకు వచ్చిన పద్ధతిలో ముందు తెలుగు భాష గొప్పతనం ఒక పేజీ రాశాను. నాకు చదువు చెప్పిన గురువులకు, మా నాన్నకు నమస్కారాలు పెట్టాను. కంప్యూటర్ సార్ అవన్నీ తీసేశాడు. మొత్తం నాలుగు పేజీలే మేడమ్ అన్నాడు. తీసేసింది చాలక పేర్లు కూడా తీసేయాలన్నాడు. మన పేర్లు, కాలేజీ పేరు, ఊరి పేరు. చదివి మార్కులు వేసేవాళ్ళకు రాసిందెవరో తెలియకూడదట, వాళ్ళెవరో మనకు తెలియకూడదట. అలాగైతేనే న్యాయమట. జగ్గయ్యపేట పోయి, రెండు రాష్ట్రాల సరిహద్దులో ఒక చిన్న పట్టణం అని వచ్చింది. మా అమ్మ పోయి మొదటి వక్త అయింది. మా పిన్నమ్మ రెండో వక్త. ఆ పేజీలు చూస్తుంటే ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినట్టుంది. కానీ లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది, ఆ మాట దాచను. నా పేరు చూడకుండా నా తెలుగు చదవబోయేవాళ్ళు నా జీవితంలో వీళ్ళే మొదటివాళ్ళు.

గడువు సంగతి ఇంకో గోల. వెబ్‌సైట్లో వేసిన తేదీ అయిపోయింది. నేను ఆ పొద్దున కాలేజీకి ఏడుపు మొహంతో వెళ్ళాను. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా నడుస్తుంటే గడువు ఉన్నట్టే లెక్క మేడమ్, మనకు ఇవాళ సాయంత్రం దాకా ఉంది, అన్నాడు కంప్యూటర్ సార్. అయిపోయిన రోజు అయిపోకుండా ఎలా ఉంటుందో ఆయన బోర్డు మీద గుండ్రం గీసి చెప్పాడు. బీఏ పిల్లలు వరండాలోంచి తొంగి చూస్తున్నారు. మధ్యాహ్నం క్లాసు అయ్యాక, ఒత్తులు అక్షరాల కిందనుంచి జారి పక్కకు పడుతుంటే వాటిని సరిచేసుకుంటూ, చివరికి పంపించేశాం. అందినట్టు జవాబు కూడా వచ్చింది. ఇంటికెళ్ళి మా ఆయనకు చెబితే, ఏ ఊరికి పంపారని అడిగాడు. నాకు తెలీదు. ఎవరికి పంపారన్నాడు. అదీ తెలీదు. ఎవరు పంపారో వాళ్ళకైనా తెలుసా అన్నాడు. తెలియకూడదు అన్నాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మూడో రోజో నాలుగో రోజో బస్సు దిగి కాలేజీ దగ్గరికి నడిచేసరికి గేటు మీద నేనున్నాను. నిలువెత్తు ఫ్లెక్సీ. మధ్యలో నా ఫొటో, పక్కన కంప్యూటర్ సార్, పైన కరస్పాండెంట్ గారు, యాజమాన్య కమిటీ వాళ్ళంతా వరుసగా. అంతర్జాతీయ సదస్సుకు పరిశోధన పత్రం సమర్పించిన సందర్భంగా హార్దిక శుభాకాంక్షలు. కింద పేపర్ శీర్షిక మొత్తం, అక్షరం పొల్లుపోకుండా. మా వైపు అంతే. ఎవరు ఏం చేసినా ముందు ఫ్లెక్సీ పడాలి, శాలువా కప్పాలి, వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాలి. పరీక్ష రాసి వస్తేనే పాసైనట్టు లెక్క. పంపడం వేరు, వాళ్ళు తీసుకోవడం వేరు అని నేను ప్రిన్సిపాల్ గారికి చెప్పే ఉంటాను, ఆయన విని ఉండరు. లోపలికి వెళితే శాలువా సిద్ధంగా ఉంది. కరస్పాండెంట్ గారే స్వయంగా కప్పారు. విలేకరి ఒకాయన ఫొటో తీసుకున్నాడు.

ఫ్లెక్సీ చూసి కంప్యూటర్ సార్ మొహం మాడిపోయింది. ఫలితం వచ్చేదాకా ఆ పేపర్ మాదని ఎక్కడా చెప్పకూడదు, అది వాళ్ళ నియమం. శీర్షిక ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు మా ఫొటోలు బయటపడితే, పేపర్ చదవకుండానే పక్కన పడేయొచ్చు. అప్పుడు సెక్షన్ ఏమవుతుంది? ఇద్దరం పరిగెత్తుకుంటూ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాం. ఫ్లెక్సీ తీయించండి, న్యూస్ పేపర్లో వేయించకండి, స్టేటస్‌లు తీసేయమనండి అని బతిమాలాం. ఆయనకు అర్థం కాలేదు. కరస్పాండెంట్ గారికి అసలే అర్థం కాలేదు. ఆయన పెద్దాయన, చెడ్డవాడు కాదు, నన్ను పేరు పెట్టి పిలవకుండా అమ్మా అనే అంటారు. భుజాన ఆయన కప్పిన శాలువాతోనే నిలబడి, దీని గురించి ఎవరికీ చెప్పకండని ఆయన్నే అడుగుతున్నాను.

"పేరు చెప్పుకోకూడని గౌరవమేందమ్మా?" అన్నారు ఆయన.

ఫలితం వచ్చేదాకా ఆగండి సార్ అని మళ్ళీ బతిమాలాను. ఫ్లెక్సీ ఆ మధ్యాహ్నమే దింపించారు, కానీ దింపిన తీరు చూసి అందరికీ అనుమానం వచ్చింది. పొద్దున కట్టి మధ్యాహ్నం తీశారంటే ఏదో జరిగి ఉంటుంది కదా. ఎవరి పేపరో కాపీ కొట్టిందట అని ఒకరు, అసలు ఏఐతోనే రాయించిందట అని ఒకరు. ఆఖరి మాట నాకు ఇంగ్లీష్ మేడమ్ వచ్చి చెప్పింది, పాపం, నా మంచి కోరే చెప్పింది. యంత్రం మీద ఫిర్యాదు యంత్రంతోనే రాయించానంటే నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను. కాకపోతే జూన్ దగ్గర పడుతుంటే ఆ మాట కరస్పాండెంట్ గారి చెవిన పడిందంటే ఏమవుతుందోనన్న గుబులు మాత్రం వదల్లేదు.

ఎండలు బాగా ముదిరాక రివ్యూలు వచ్చాయి. ముగ్గురు చదివారు. ముగ్గురూ ఎవరో తెలీదు. ఒకరికి బాగా నచ్చింది. ఇంకొకరు కొద్దిగా ఒప్పుకుంటున్నాను అని వేశారు. కొద్దిగా ఒప్పుకోవడమంటే ఒప్పుకున్నట్టా, లేనట్టా? మూడో ఆయనో, ఆవిడో, ఎటూ కాకుండా మధ్యలో వేసి కింద ఇలా రాశారు. ముస్లిం మహిళలవని చెబుతున్న ఈ సంభాషణలు మామూలు తెలుగులాగే ఉన్నాయి. ఇవి నిజమైనవేనా అన్న సందేహం కలుగుతోంది. తెలుగు మాతృభాష అయినవారితో ఈ ఉదాహరణలను సరిచూపించుకోవాలని రచయితలకు సూచన.

ముందు తప్పు చదివాననుకున్నాను. మళ్ళీ చదివాను. కంప్యూటర్ సార్ కిటికీ వైపు తిరిగాడు. కోపం రావాలి కదా, రాలేదు. ఈ మనిషికి నా పేరు తెలీదు. నా మొహం తెలీదు. మా ఊరు తెలీదు. ఇన్నాళ్ళూ పేరు చూసి అంటున్నారనుకున్న మాట, పేరు చూడనివాళ్ళు కూడా అన్నారు. అలాంటప్పుడు ఎవరి మీద కోప్పడాలి? అసలు వాళ్ళ సందేహంలో తప్పేముంది, ఎవరైనా ఉదాహరణలు సరిచూసుకోమనే అంటారు కదా అని ఒకపక్క అనిపించింది. ఇంకోపక్క, ఆ వదినల మాటలు ఏ హిందువుల ఇంట్లోవో అని రాసి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదా అనిపించింది. ఎటు తిప్పి చూసినా తేలలేదు.

ఇంటికెళ్ళి మా అమ్మకు చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి, మొత్తం మళ్ళీ చెప్పమంది. నేను ఇంగ్లీషులోంచి తెలుగులోకి తెచ్చి, మెల్లగా చెప్పాను.

"పేర్లన్నీ తీసేసి పంపావన్నావుగా," అంది. "మరి ఆళ్ళకెట్టా తెలిసిందే, నేను తెలుగుదాన్ని కాదని?"

నువ్వు తెలుగుదానివే అమ్మా అన్నాను. అది నాకు తెలుసు, ఆళ్ళ సంగతి అడుగుతున్నా అంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ నిలబడి ఏడ్చాను, ఆ మాట కూడా దాచను.

రివ్యూలకు మేము జవాబు రాయొచ్చు, నాలుగైదు వాక్యాల్లో. నేను రాసింది కంప్యూటర్ సార్ చదివి, బాగుంది మేడమ్, కానీ పంపకూడదు అన్నాడు. నేను తెలుగు అధ్యాపకురాలిని, ఆ మొదటి వక్త మా అమ్మ, మేము ముస్లింలం, మాకు ఇంకో భాష రాదు అని రాశాను. అందులో ప్రతి మాటా మేమెవరో చెప్పేస్తోంది. ఏ ఒక్క మాటతో ఆ సందేహం తీరుతుందో, ఆ మాట చెప్పడానికి లేదు. న్యాయం కోసమే ఇదంతా అన్నారు కదా అని ఆయన మీద అరిచాను. పాపం ఆయనేం చేస్తాడు. చివరికి మాట్లాడినవాళ్ళంతా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళేనని ఎవరిదీ కాని గొంతుతో ఒక వాక్యం రాసి పంపాం.

ఫలితం వచ్చింది. పేపర్ తీసుకున్నారు, కానీ ఒక షరతు మీద. ఉదాహరణలను మాతృభాషీయులు సరిచూశారని తుది ప్రతిలో స్పష్టంగా చెప్పాలి. తుది ప్రతిలో పేర్లు కూడా వేయొచ్చు. తీసుకున్నట్టా, ఇంకా తీసుకోనట్టా? తీసుకున్నట్టే మేడమ్, ఆ ఒక్క వాక్యం చేరిస్తే చాలు, మీరే కదా ఆ మనిషి, అన్నాడు కంప్యూటర్ సార్. ఆ మాటతో నాకు ఎన్నాళ్ళకో ఊపిరాడింది. నాకు పట్టలేనంత సంతోషం వేసి, ఆయనకు క్యాంటీన్లో పునుగులు ఇప్పించాను.

ఆ వారంలోనే కమిటీ మీటింగు. తెలుగు సెక్షన్ ఉంచాలా తీసేయాలా అన్నది ఆ రోజే తేలుతుంది. కరస్పాండెంట్ గారు, కమిటీ పెద్దలు, ప్రిన్సిపాల్ గారు బల్ల చుట్టూ కూర్చున్నారు. మమ్మల్నిద్దర్నీ పిలిచి, వాళ్ళేం రాశారో తెలుగులో చెప్పమ్మా, అందరం వింటాం అన్నారు. నేను చదువుతూ చెబుతూ వచ్చాను. మెచ్చుకున్న దగ్గర అందరూ తలలు ఊపారు. షరతు దగ్గరికి వచ్చేసరికి దాటేయొచ్చు అనిపించింది. ఎవరికీ తెలిసేది కాదు. దాటలేదు. ఉదాహరణలను తెలుగు మాతృభాష అయినవారితో సరిచూపించాలన్నారు అని ఉన్నదున్నట్టు చెప్పి, తలెత్తి చూశాను. వాళ్ళు నవ్వుతారనుకున్నాను. మా తెలుగు మేడమ్‌కే తెలుగు చెబుతున్నారా అని ఎవరో ఒకరు అంటారనుకున్నాను. దాని కోసమే చదివాను.

"దాందేముందమ్మా," అన్నారు కరస్పాండెంట్ గారు, చాలా తేలిగ్గా. "మన రిటైరైన తెలుగు మాస్టారు ఇక్కడే కోర్టు దగ్గర ఉంటారుగా. ఆయనకోసారి చూపిద్దాం. ఒక సంతకం పెట్టిస్తే అయిపోద్ది."

అవునవును అన్నారు ఎవరో. ప్రిన్సిపాల్ గారు మాస్టారి ఫోన్ నంబర్ కోసం జేబులు తడుముకున్నారు. వీళ్ళకు నా పేరు తెలుసు. ఇన్నేళ్ళుగా వీళ్ళ పిల్లలకు తెలుగు చెప్పాను, వీళ్ళ సభలకు వ్యాఖ్యానం చెప్పాను, వీళ్ళు అచ్చేయించే ప్రతి కరపత్రంలో తప్పులు దిద్దాను. నా పక్కన కంప్యూటర్ సార్ ఏదో అనబోతుంటే చేత్తో ఆపాను.

"ఎవరికీ చూపించక్కర్లేదండీ," అన్నాను. "తెలుగు నా మాతృభాషేనండి. మా అమ్మదీ అదే."

ప్రిన్సిపాల్ గారు జేబులు తడమడం ఆపారు. సెక్షన్ పోయిందనుకున్నాను. కరస్పాండెంట్ గారు నొచ్చుకున్నారు. నటన కాదు, ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

"అయ్యో, నాకు తెలీదా అమ్మా? మీవాళ్ళలో నీ అంత చక్కగా తెలుగు మాట్లాడేవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. అందుకేగా సెక్షన్ ఉంచుదామంటున్నా."

అందరూ తలలు ఊపారు. ప్రిన్సిపాల్ గారు సెక్షన్ కొనసాగించాలని మినిట్స్‌లో రాసుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది. కరస్పాండెంట్ గారు నా వైపు చూసి నవ్వుతూ నేనేమంటానో అని ఎదురు చూస్తున్నారు. ఆ మాట గురించి నాలుగు పేజీలు రాసినదాన్ని, ఆ మాటకే థాంక్సండీ అని చెప్పి బయటికొచ్చాను.